పరకత నొక్కితే కర్సర్ కదలదు

ఎడిటర్లూ, వాటికి ప్లగిన్లూ రాసే తెలుగు ఇంజనీర్లకు,

ఈ ఉత్తరం మీ కంపెనీలకు రాయడం లేదు, మీకే రాస్తున్నాను. కంపెనీకి రాయాలంటే ఇంగ్లీషులో రాయాలి. నాకొక టికెట్ నంబరు ఇస్తారు, కొన్నాళ్లకు దాన్ని ఎవరూ పట్టించుకోలేదన్న కారణం చూపి ఒక బాట్ వచ్చి మూసేస్తుంది. మీకైతే పొల్లు అంటే ఏమిటో, వత్తు ఎక్కడ పడుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. మీరు హైదరాబాదులో ఉన్నా సియాటిల్‌లో ఉన్నా, జీతానికి రాస్తున్నా ఆదివారం సరదాకు రాసి ఊరికే పంచిపెడుతున్నా, ఇది మీకే.

నేను తెలుగు పుస్తకాలను ఈబుక్కులు చేస్తాను. రచయితల దగ్గర్నుంచి వచ్చే ఫైళ్లు నానా రకాలు. కొన్ని పాత అను ఫాంట్లలో కొట్టినవి, కొన్ని ఫోన్లో వేలితో రాసినవి, కొన్ని అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి అక్షరాలుగా మార్చినవి. అన్నింటినీ ముందు సాదా టెక్స్టులోకి దించి, మార్క్‌డౌన్ గుర్తులు పెట్టి, ఎడిటర్లో శుభ్రం చేస్తాను. మీరు ప్రోగ్రాములు రాసుకునే పనిముట్టుతోనే నేను కథలూ నవలలూ సరిదిద్దుతాను. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, ఒకేసారి పదిచోట్ల దిద్దే కర్సర్లు, నిన్నటి ఫైలుకీ ఇవాళ్టి ఫైలుకీ తేడా చూపించే డిఫ్. వర్డ్ వాడేవాళ్లకు ఈ సుఖం తెలియదు. నవల మొత్తంలో ప్రశ్నార్థకాల ముందు పడిన ఖాళీలన్నీ ఒక్క దెబ్బకు ఎగిరిపోతుంటే వచ్చే ఆనందం మీకు తెలుసు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

చెప్పదలిచింది వేరే ఉంది. తెలుగు రాసేటప్పుడు ఎడిటర్ ఎక్కడైనా ఇబ్బంది పెడుతోందని చెబితే వచ్చే జవాబు ఒక్కటే: “అది మార్చుకోవచ్చు కదా, సెట్టింగ్ ఉంది.” నిజమే, ఉంటుంది. వెతగ్గా వెతగ్గా వెయ్యి సెట్టింగుల అడుగున దొరుకుతుంది. కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టి, సూదీ దారం కూడా చేతిలో పెట్టి, బిగుతైతే విప్పుకోండి అనే దర్జీని మనం మెచ్చుకోం. సరిదిద్దుకునే వీలు ఇవ్వడం ఒక పని, సరిగ్గా పనిచేసేట్టు ఇవ్వడం ఇంకో పని. మొదటిది చేశాం కాబట్టి రెండోది అయిపోయినట్టేనని ఎడిటర్ల లోకంలో ఒక అలవాటు స్థిరపడిపోయింది. ఆ అలవాటు గురించే నా ఫిర్యాదు.

విమ్ సంగతితో మొదలుపెడతాను. 1976లో బిల్ జాయ్ బర్క్‌లీలో ‘వీఐ’ రాసినప్పుడు ఆయన ముందున్నది ఏడీఎమ్-3ఏ అనే టెర్మినల్. దాని మీద బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ కీల మీదే అచ్చువేసి ఉండేవి. కర్సర్‌ని కదిలించడానికి ఆ నాలుగు కీలే ఖాయమయ్యాయి. 1991లో బ్రామ్ మోలెనార్ విడుదల చేసిన విమ్‌కు అదే వారసత్వం, నియోవిమ్‌కూ అదే. అదే 1991లో మన దేశంలో ఐఎస్ 13194 ప్రమాణం కింద ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఖరారైంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ నాలుగు కీలు వరసగా ప, ర, క, త. తెలుగు కీబోర్డు పెట్టి ఉండగా విమ్ నార్మల్ మోడ్‌లోకి వచ్చి కిందికి దిగుదామని జె నొక్కితే విమ్‌కు చేరేది ‘ర’. దానికి ఆ అక్షరంతో ఏ కమాండూ తెలియదు, కుయ్యిమంటుంది. చేసింది వెనక్కి తీసుకుందామని యు నొక్కితే ‘హ’. అక్షరం చెరిపేద్దామని ఎక్స్ నొక్కితే సున్న. లైను తీసేద్దామని రెండుసార్లు డి నొక్కితే రెండు పొల్లులు. ఒక పేరా దిద్దడానికి భాష ఎన్నిసార్లు మార్చుకోవాలో ఊహించుకోండి.

ఇన్‌స్క్రిప్ట్ ఎవరు వాడతారండీ, అందరూ రోమన్ అక్షరాలతోనే కొడుతున్నారు కదా అంటారేమో. వాడేవాళ్లున్నారు. సంఖ్య సంగతి పక్కనబెట్టి సూత్రం చూడండి. కమాండు వేలికి సంబంధించింది, అక్షరం భాషకు సంబంధించింది. మీలో ఒక వయసు దాటినవాళ్లకు కాలేజీ ల్యాబ్‌లో మొదటి ఎడిటర్ టర్బో సీ నీలం తెర. సేవ్‌కు ఎఫ్2, కంపైల్‌కు ఆల్ట్+ఎఫ్9, రన్‌కు కంట్రోల్+ఎఫ్9. ముక్కను గుర్తుపెట్టడానికి కంట్రోల్+కె నొక్కి బి, ముగించడానికి కంట్రోల్+కె నొక్కి మళ్లీ కె. వర్డ్‌స్టార్ నుంచి వచ్చిన ఆ కీలు ఇప్పుడు పేరు అడిగితే మీకు గుర్తుండవు, చేతికి కీబోర్డు ఇస్తే వేళ్లు వాటంతటవే పోతాయి. పత్రికాఫీసుల్లో అను మాడ్యులర్ మీద ఏళ్లతరబడి కొట్టిన ఆపరేటర్లను అడిగినా ఇదే చెబుతారు. వేలు గుర్తుంచుకునేది కీ ఉన్న చోటుని. ఆ క్షణంలో అక్కడ ఏ అక్షరం పలుకుతోందో వేలికి పట్టదు.

దీన్ని అర్థం చేసుకున్న ఎడిటర్ ఒకటి ఎప్పటినుంచో ఉంది. ఈమ్యాక్స్‌లో కంట్రోల్+బ్యాక్‌స్లాష్ నొక్కితే ఇన్‌పుట్ పద్ధతి మారుతుంది. తెలుగుకు ఐట్రాన్స్ పద్ధతీ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతీ రెండూ దానితోనే వస్తాయి, విడిగా ఏదీ తెచ్చుకోనక్కర్లేదు. భాష మార్చే పని ఎడిటర్ లోపలే జరుగుతుంది కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ దృష్టిలో కీబోర్డు ఇంగ్లీషులోనే ఉంటుంది. కంట్రోల్ పట్టుకుని నొక్కినవన్నీ కమాండ్లుగానే చేరతాయి, పట్టుకోకుండా నొక్కినవి తెలుగవుతాయి. ఈమ్యాక్స్ భక్తుల గొప్పలు చాలావాటిని నేను సగానికి కోసి నమ్ముతాను గానీ, ఈ ఒక్క విషయంలో వాళ్లకు దండం పెడతాను. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్‌తో అక్షరాలు కూర్చడం మొదలయ్యాక వత్తులూ గుణింతాలూ కూడా చూడ్డానికి బాగుంటున్నాయి.

విమ్‌లోనూ దారి ఉంది. కీమ్యాప్ అనే ఐచ్ఛికం పెట్టుకుంటే ఇన్సర్ట్ మోడ్‌లో కంట్రోల్‌తో పాటు టోపీ గుర్తు కీ నొక్కి తెలుగుకూ ఇంగ్లీషుకూ మధ్య మారొచ్చు, నార్మల్ మోడ్ ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంటుంది. ఒక కీకి ఒక అక్షరం పలికే ఇన్‌స్క్రిప్ట్ లాంటి అమరికకు ఆ ఫైలు రాయడం తేలికే. లాంగ్‌మ్యాప్ అని ఇంకొకటుంది, ‘ర’ వస్తే దాన్ని జె అనుకో అని విమ్‌కు చెప్పేది. తెలుగుకు అది చికాకు. గుణింతపు గుర్తులు విడిగా నిలవవు, ఫైల్లో వాటి ముందున్న కామాకు అతుక్కుని కనిపిస్తాయి. ఎక్కడ ఏది రాశామో మనకే తెలియదు. వీఎస్ కోడ్‌కు ఉన్న విమ్ ప్లగిన్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఇన్సర్ట్ మోడ్ నుంచి బయటికి రాగానే సిస్టమ్ కీబోర్డును ఇంగ్లీషుకు మార్చేసి, మళ్లీ లోపలికి పోగానే పాత భాషకు తెస్తుంది. అందుకు ఐఎమ్-సెలెక్ట్ అనే చిన్న ప్రోగ్రామును వేరుగా తెచ్చుకుని, అది డిస్కులో ఎక్కడుందో, మన ఇంగ్లీషు కీబోర్డుకు దాని లెక్కలో పేరేమిటో సెట్టింగుల్లో రాయాలి. కుదిరాక హాయిగా ఉంటుంది. కుదిరేదాకా పడే అవస్థ మాత్రం ఒక మామూలు రచయిత పడగలిగింది కాదు.

వెబ్ పునాదుల మీద కట్టిన ఎడిటర్లలో ఈ సమస్యకు సమాధానం బ్రౌజరే ఇస్తుంది. కీ నొక్కిన ప్రతిసారీ రెండు కబుర్లు వస్తాయి: ‘కీ’ అన్నది ఏ అక్షరం పలికిందో చెబుతుంది, ‘కోడ్’ అన్నది కీబోర్డు మీద ఏ చోటు నొక్కారో చెబుతుంది. ఒక అక్షరం షార్ట్‌కట్‌ని ‘కీ’తో పోల్చి చూసే ప్లగిన్ తెలుగు కీబోర్డు పెట్టగానే చెవిటిదైపోతుంది. వీఎస్ కోడ్‌లో షార్ట్‌కట్ల ఫైలు రాసేటప్పుడు కీ పేరును చదరపు బ్రాకెట్లలో పెడితే అది చోటును బట్టి పనిచేస్తుంది, అమరికతో నిమిత్తం ఉండదు. చక్కటి ఏర్పాటు. మీలో ఎందరు మీ ప్లగిన్లలో దాన్ని వాడారు?

ఇక కంట్రోల్+స్పేస్ తగువు. మ్యాక్‌లో రెండో భాష పెట్టుకున్నవాళ్లకు అది భాష మార్చే కీ. వీఎస్ కోడ్‌లో సూచనల జాబితా తెరిచే కీ. ఈమ్యాక్స్‌లో ఎంపిక మొదలుపెట్టే కీ. లినక్స్‌లో ఎఫ్‌సీఐటీఎక్స్ వాడేవాళ్లకు మళ్లీ భాష మార్చే కీ. నలుగురిలో ఆపరేటింగ్ సిస్టమ్‌దే పైచేయి, ఎడిటర్ దాకా నొక్కు రానేరాదు. ఒక్క భాషతో బతికేవాళ్ల కంప్యూటర్లో ఈ తగువే పుట్టదు. అందుకే డిజైన్ చేసిన గదిలో ఎవరికీ తట్టలేదనుకుంటాను. వీఎస్ కోడ్‌లో కంట్రోల్+కె, కంట్రోల్+ఎస్ వరసగా నొక్కితే షార్ట్‌కట్ల పట్టిక వస్తుంది కదా. ఒకే కీ కోసం రెండు కమాండ్లు పోటీపడుతుంటే అది చూపిస్తుంది. సిస్టమ్ తీసేసుకున్న కీల సంగతి మాత్రం దానికి తెలియదు. డెవలపర్ ఆదేశాల్లో షార్ట్‌కట్ల ట్రబుల్‌షూటింగ్ అని ఒకటుంది. దాన్ని ఆన్ చేస్తే నొక్కిన ప్రతి కీ ఏ కోడ్‌గా వచ్చింది, ఏ కమాండుకు పోయింది అన్నీ లాగ్‌లో పడతాయి. ఎవరైనా “నా షార్ట్‌కట్ పనిచేయడం లేదు” అని ఫోన్ చేస్తే నేను ముందు అదే ఆన్ చేయిస్తాను. లాగ్‌లో ఏమీ పడకపోతే దొంగ బయటే ఉన్నట్టు లెక్క.

నేను చేసుకున్న ఏర్పాటు చెబుతాను. భాష మార్చే పని క్యాప్స్ లాక్‌కి అప్పగించాను. తెలుగులో పెద్ద బడి, చిన్న బడి గొడవ లేదు కాబట్టి అంత మంచి చోట ఉన్న ఆ కీ మనకు వృథా. మ్యాక్‌లో ఇన్‌పుట్ సెట్టింగుల్లోనే ఈ వీలుంది, లినక్స్‌లో ఎక్స్‌కేబీ ఐచ్ఛికాల్లో ఎప్పటినుంచో ఉంది. ఒక్క వేలితో ఒక్క నొక్కు, ఏ ఎడిటర్‌తోనూ తగువుండదు.

విండోస్‌లో ఇంకో గొయ్యి ఉంది, దాన్ని తవ్వేది ప్లగిన్ రాసేవాళ్లే. ఖాళీ కీ దొరక్క ప్రతి ప్లగినూ కంట్రోల్+ఆల్ట్ కలిపి ఏదో ఒకటి ఆక్రమిస్తుంది. విండోస్ దృష్టిలో కంట్రోల్+ఆల్ట్, కుడివైపు ఆల్ట్‌జీఆర్ రెండూ ఒకటే. ఇంగ్లీష్ (ఇండియా) కీబోర్డులో ఆ రెంటితో పాటు 4 నొక్కితే రూపాయి గుర్తు పడాలి. మీ ప్లగిన్ కంట్రోల్+ఆల్ట్+4ని ఏ ప్యానెల్ తెరవడానికో వాడుకుంటే, నా పుస్తకంలో ధర రాయబోయినప్పుడు ఆ ప్యానెల్ తెరుచుకుంటుంది. దయచేసి ఆ జోడీ జోలికి పోకండి. కమాండ్ ప్యాలెట్లో పేరు పెట్టి వదిలేయండి, కావాల్సినవాళ్లు కావాల్సిన కీ తగిలించుకుంటారు. షార్ట్‌కట్ ఇవ్వకపోవడం కూడా మర్యాదే.

ఇంతవరకు కీల గొడవ. అసలు నొప్పి అక్షరాల దగ్గరుంది.

వీఎస్ కోడ్‌లో పొడవైన లైనును తెర అంచు దగ్గర మడిచే సెట్టింగుకు రెండు పద్ధతులున్నాయి, ‘సింపుల్’, ‘అడ్వాన్స్‌డ్’. మొదటిది అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పు ఉంటుందని అనుకుని లెక్కపెడుతుంది, వేగం ఎక్కువ. రెండోది బ్రౌజర్ని అడిగి నిజంగా కొలుస్తుంది, పెద్ద ఫైళ్లలో నిదానిస్తుంది. డిఫాల్ట్ మొదటిది. తెలుగులో ‘ల’కూ ‘ఘా’కూ ఒకే వెడల్పు అనుకుంటే ఏమవుతుందో మీకు చెప్పాలా? ఒక లైను తెరలో సగానికే మడిచిపోతుంది, పక్క లైను అంచు దాటి పోతుంది. ఒక్క పదం మారిస్తే సరిపోయే ఈ సంగతి తెలియక, “తెలుగుకు ఈ ఎడిటర్ పనికిరాదు” అని తిరిగి వర్డ్‌కి పోయినవాళ్లను చూశాను. ఆ సెట్టింగు వివరణలోనే రాసి ఉంది: లాటిన్ లాంటి కొన్ని లిపులకు మాత్రమే సింపుల్ పద్ధతి సరిగ్గా పనిచేస్తుందని. తెలిసే పెట్టారన్నమాట.

ఎంటర్ కీ గురించి కూడా చెప్పాలి. వీఎస్ కోడ్‌లోనే సాదా టెక్స్ట్ ఫైల్లో రాస్తుంటే ఫైల్లో ఇంతకుముందు వచ్చిన పదాలను ఎడిటర్ సూచనగా చూపిస్తుంది, ఎంటర్ నొక్కితే ఆ సూచనను తీసుకుంటుంది. ప్రోగ్రాం రాసేటప్పుడు బంగారం లాంటి సదుపాయం. తెలుగు పద్యమో పాటో కొడుతున్నప్పుడు ఆలోచించండి. లైను చివర ‘రాము’ అని రాసి కింది లైనుకు పోదామని ఎంటర్ కొడతాను. పైన ఎక్కడో ‘రాముడికి’ ఉంది కాబట్టి నా ‘రాము’ కాస్తా ‘రాముడికి’ అవుతుంది, కర్సర్ అక్కడే ఉంటుంది. ఇంగ్లీషులో పదం చివర పడే ప్రత్యయాలు కొద్ది. మనకు డు, ని, కి, తో, లో అన్నీ పదానికే అతుక్కుంటాయి, ప్రతి చిన్న పదమూ పది పెద్ద పదాలకు తలకాయే. కాబట్టి ఈ ప్రమాదం మన భాషలో చాలా రెట్లు ఎక్కువ. మార్క్‌డౌన్ ఫైళ్లలో ఈ సూచనలు ముందే ఆపి ఉంచారు, ఆ తెలివి సాదా టెక్స్ట్ దాకా రాలేదు. నేను అక్కడా ఆపేసి, ఎంటర్‌కు సూచన తీసుకునే అధికారం కూడా తీసేశాను. వరుసల మధ్య దూరాన్నీ పెంచాను, లేకపోతే ‘స్త్రీ’ కిందున్న వత్తులు కింది లైను తలకట్లను పొడుస్తాయి.

ఇప్పుడు కనపడని అక్షరం దగ్గరికి వద్దాం. ‘హైదరాబాద్‌లో’ అని రాసేటప్పుడు ద పొల్లుకూ లోకూ మధ్య జీరో విడ్త్ నాన్‌జాయినర్ పెడతాం, లేకపోతే అది ‘హైదరాబాద్లో’ అని వత్తుగా మారుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ అయినా అంతే. ఇంగ్లీషు, ఉర్దూ మాటలు ఇంతగా కలిసిన మన రాతలో అది లేని పేజీ ఉండదు. వీఎస్ కోడ్ ప్రోగ్రాం ఫైళ్లలో ఆ ప్రతి చోటా ఒక పసుపు గడి గీస్తుంది. ఎందుకంటే 2021 నవంబరులో కేంబ్రిడ్జి పరిశోధకులు ‘ట్రోజన్ సోర్స్’ అనే మోసాన్ని బయటపెట్టారు. కనపడని యూనికోడ్ గుర్తులతో ప్రోగ్రామును చదివేవాడికి ఒకలా, కంపైలర్‌కు ఇంకోలా కనిపించేట్టు చేయొచ్చని చూపించారు. ఆ వెంటనే ఎడిటర్లు కనపడని గుర్తులన్నింటినీ పట్టి చూపించడం మొదలుపెట్టాయి. భయం న్యాయమైనదే. కానీ రెండు తెలుగు అక్షరాల మధ్య, పొల్లు తర్వాత వచ్చిన నాన్‌జాయినర్ మోసం కాదు, వర్ణక్రమం. ఆ ఒక్క పరీక్ష రాయడానికి మీకు ఎంతసేపు పడుతుంది? యూనికోడ్ హైలైట్ సెట్టింగుల్లో అనుమతించే అక్షరాల జాబితాలో దాన్ని చేర్చుకుని నేను బయటపడ్డాను. అయితే దానివల్ల నిజంగా తప్పు చోట పడిన నాన్‌జాయినర్లు కూడా నాకిప్పుడు కనపడవు. అది అవసరమైన చోట ఊరుకుని అనవసరమైన చోట అరిచే ఎడిటర్ కావాలి నాకు.

ఆ అక్షరం చిన్నదేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞ తర్వాత నాన్‌జాయినర్, దాని వెనక దీర్ఘం, ఈ వరుస సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6తో యాపిల్ సరిచేసింది. ప్రపంచమంతా మన అక్షరం గురించి మాట్లాడుకున్న ఆ వారంలో కూడా ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఇలాంటి వరుసలు ఎవరి టెస్టుల్లోనూ ఎందుకు లేవు?

వెతకడంలో ఇది ఇంకా ఏడిపిస్తుంది. నాన్‌జాయినర్ లేకుండా ‘హైదరాబాద్లో’ అని వెతికితే అది ఉన్నచోటు దొరకదు, ఉన్నదానితో వెతికితే లేనిచోటు దొరకదు. ఒకే రచయిత ఒకే పేజీలో రెండు రకాలూ వాడతాడు, ఫోనును బట్టి. ‘కై’ అన్న అక్షరాన్ని యూనికోడ్‌లో ఐత్వం ఒక్క గుర్తుగా రాయొచ్చు, ఎత్వమూ దాని కిందిభాగమూ అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానం. చూపుకు తేడా లేదు, ఎడిటర్ వెతుకుడుకు మాత్రం వేర్వేరు. స్కాన్ చేసిన పుస్తకాల్లో సున్న బదులు తెలుగు అంకె సున్న పడటం మరీ ఎక్కువ. ‘అందం’లో రెండు సున్నల్లో ఒకటి అనుస్వారం, ఒకటి అంకె అయితే కంటికి తెలియదు, అచ్చుతప్పుల దిద్దుబాటులో దొరకదు, ఈబుక్కులో వెతికే పాఠకుడికి ఆ పదం ఉండదు. అక్షరంలాగే కనిపించే వేరే అక్షరాన్ని పట్టి చూపించే యంత్రాంగం ట్రోజన్ సోర్స్ పుణ్యమా అని ఎడిటర్లలో ఇప్పటికే ఉంది. దాన్ని ఇంగ్లీషు అక్షరాలతో పోల్చడానికే పరిమితం చెయ్యకుండా తెలుగు పదం మధ్యలో పడ్డ తెలుగు అంకె మీదికి తిప్పండి. ఒక ప్లగిన్‌తో అయ్యే పని, పుస్తకాలు చేసేవాళ్లంతా మీ పేరు చెప్పుకుంటారు.

కర్సర్ సంగతి ఒక్కటి చెప్పి కోరికల్లోకి వస్తాను. ‘స్త్రీ’ ఆరు కోడ్‌పాయింట్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు, చదివేవాడికి ఒక్క అక్షరం. చాలా ఏళ్లపాటు యూనికోడ్ నియమాలే దాన్ని స్, త్, రీ అని మూడు ముక్కలుగా లెక్కపెట్టాయి. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో పొల్లుతో కలిసిన హల్లులను విడదీయకూడదన్న నియమం చేరింది, అందులో తెలుగు కూడా ఉంది. పాత పట్టికలతో నడిచే ఎడిటర్లలో బాణం కీ ఇప్పటికీ అక్షరం నడుమ రెండుచోట్ల ఆగుతుంది. పట్టికలు మార్చండి. కానీ ఉత్సాహంలో బ్యాక్‌స్పేస్‌ను మార్చకండి! బాణం కీ అక్షరం మొత్తాన్ని దాటాలి, డిలీట్ కీ అక్షరం మొత్తాన్ని తీసెయ్యాలి. బ్యాక్‌స్పేస్ మాత్రం చివరి గుర్తునొక్కదాన్నే తియ్యాలి. ‘స్త్రీ’ అనబోయి ‘స్త్రి’ అని కొడితే గుడి తీసి గుడిదీర్ఘం పెట్టుకుంటాం, అక్షరమంతా మళ్లీ కొట్టం. ఈ రెండు నడకలూ వేరని తెలియక, అంతా ఒకటే చేస్తే శుభ్రంగా ఉంటుందని దిద్దినవాళ్లు కూడా ఉన్నారు. ఆ శుభ్రం మాకొద్దు.

నా కోరికలకు వస్తాను. వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ ఒకటి తన వివరాల ఫైల్లోనే సెట్టింగుల డిఫాల్ట్‌లను మార్చగలదు, షార్ట్‌కట్లు చేర్చగలదు. ఒక్క లైను ప్రోగ్రాం అక్కర్లేదు. లైను మడిచే పద్ధతి, ఎంటర్, సూచనలు, వరుసల దూరం, నాన్‌జాయినర్ అనుమతి, తెలుగు ఫాంటు వరస, ఇవన్నీ ఒక్క జేసన్ ఫైల్లో పెట్టి ‘తెలుగు రచన’ అనో మరొకటో పేరు పెట్టొచ్చు. మీరే ఎందుకు చెయ్యకూడదు అని అడుగుతారు. నా సెట్టింగుల ఫైలును అడిగినవాళ్లకల్లా వాట్సాప్‌లో పంపుతూనే ఉన్నాను. దాని తర్వాత నా చెయ్యి అందదు. నాన్‌జాయినర్ ఉన్నా లేకున్నా దొరికే వెతుకుడు, అక్షరం మొత్తం దాటే బాణం, చోటును బట్టి పలికే కమాండ్లు ఎడిటర్ల లోపలి పనులు. అక్కడికి మీరు పోగలరు.

ఇలాంటి పని మనవాళ్లు ఇంతకుముందు చేశారు కూడా. రైస్ యూనివర్సిటీలో చదువుకున్న తెలుగువాళ్లు ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ కట్టకపోతే ఇంటర్నెట్‌లో తెలుగు అంత తొందరగా మొదలయ్యేది కాదు. పత్రికల వెబ్‌సైట్లు తలొక సొంత ఫాంటు వాడుతున్న రోజుల్లో వాటిని అక్కడికక్కడ యూనికోడ్‌గా మార్చి చూపించిన ‘పద్మ’ ఫైర్‌ఫాక్స్‌కు ఒక ప్లగిన్. 2006లో వచ్చిన లేఖిని వల్ల ఎంతమంది తెలుగులో మొదటి వాక్యం రాశారో లెక్కలేదు. వీటిలో ఏదీ ఏ కంపెనీ ప్రణాళికలోనూ లేదు, అవసరం కనపడి ఎవరో రాశారు.

తెలుగులో ఎడిటర్ వాడేవాళ్లెందరు అన్న ప్రశ్న మీ మేనేజర్లు అడుగుతారు. తెలుగు యాప్‌లో కనిపించే ప్రతి బటన్ పేరూ, ప్రతి ఎర్రర్ సందేశమూ ఎవరో ఒక ఎడిటర్లో అనువాదాల ఫైలు తెరిచి కొట్టిందే. బ్యాంకు యాప్‌లో వత్తు ఊడిన మాట కనిపిస్తే, దాన్ని కొట్టినవాడికి ఎడిటర్లో అది సరిగ్గా కనిపించి ఉండకపోవచ్చు.

ప్లగిన్ పేరుతో ఏది పడితే అది పెట్టుకోమని నేనెవరికీ చెప్పను. వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్‌కు మన ఖాతాకున్న అధికారాలన్నీ ఉంటాయి, టైపు చేసే ప్రతి అక్షరాన్నీ చూసే ప్లగిన్ అయితే ఇంకా ఆలోచించాలి. కాబట్టి మీరు రాసేది చిన్నదిగా, నెట్ జోలికి పోనిదిగా, సోర్సు చూసుకునే వీలున్నదిగా ఉండాలి. గిట్‌హబ్ 2014లో తెచ్చిన ఆటమ్‌ను 2022 డిసెంబరులో మూసేస్తే దానితో పాటు దాని ప్యాకేజీల లోకమంతా ఆగిపోయింది. ఒకే ఎడిటర్‌కు కట్టేసుకోకుండా, అక్షరాల నియమాలను ఒక లైబ్రరీగా విడిగా పెట్టండి. ఇవాళ వీఎస్ కోడ్, రేపు నియోవిమ్, ఎల్లుండి ఇంకేదో.

ముందుగా చెయ్యాల్సింది ఒకటుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ టెస్టుల ఫోల్డర్లో ఒక తెలుగు ఫైలు పెట్టండి. అందులో ‘స్త్రీ’, ‘జ్ఞానం’, నాన్‌జాయినర్‌తోనూ లేకుండానూ ‘హైదరాబాద్‌లో’, రెండు రకాల యూనికోడ్‌లో ‘కై’, అనుస్వారంతో ఒకటీ అంకెతో ఒకటీ ‘అందం’, అంచు దాటేంత పొడవున్న ఒక తెలుగు పేరా, లైను చివర ‘రాము’ ఉన్న ఒక పద్యపాదం ఉండాలి. ఇన్‌స్క్రిప్ట్ పెట్టి అన్ని షార్ట్‌కట్లూ ఒకసారి నొక్కి చూడండి. ఏది విరిగిందో మీకే కనిపిస్తుంది, నాలాంటివాళ్లు ఉత్తరాలు రాయనక్కర్లేదు.

పైన చెప్పిన సెట్టింగుల్లో ఏదైనా మీ కొత్త వెర్షన్‌లో మారిపోయి ఉంటే వెర్షన్ నంబరుతో సహా తెలుగులోనే జవాబు రాయండి. నా ఫైలు సరిచేసుకుని, దాన్ని అడిగినవాళ్లందరికీ మళ్లీ పంపుతాను.

ఇట్లు,
మీ ఎడిటర్లతో తెలుగు పుస్తకాలు చేసుకుంటున్న ఒక ప్రచురణకర్త